మూడు గ్రాఫిక్స్ కార్డులు, ఒక పొలం గట్టు

కరోనా తగ్గుముఖం పట్టాక వచ్చిన రెండో ఎండాకాలంలో నన్ను వనపర్తికి బదిలీ చేశారు. అప్పుడు నేనొక ప్రైవేటు సర్వే సంస్థలో సీనియర్ సిస్టమ్స్ ఇంజినీరును. రిటైర్మెంటు దగ్గరపడుతోంది. డ్రోన్లతో పొలాల ఫొటోలు తీసి, వాటితో సరిహద్దు పటాలు తయారుచేసే కాంట్రాక్టు మా సంస్థకు దక్కింది. వనపర్తిలో ప్రధాన కేంద్రం, గద్వాలలో ఒకటి, నాగర్‌కర్నూల్‌లో ఒకటి ఉపకేంద్రాలు. నా పైన ప్రాజెక్టు మేనేజరు మాధవరావు గారు, ఆయన పైన హైదరాబాదు ఆఫీసు. నా కింద ఒక్కో కేంద్రానికి ఒక్కో ప్రాసెసింగ్ ఆపరేటరు. మూడు చోట్లా కంప్యూటర్లు పని ఆపకుండా చూడడం నా ఉద్యోగం.

ఈ పని తెలియనివారి కోసం రెండు మాటలు చెప్పాలి. డ్రోన్ ఒక ఊరి మీద తిరిగితే వేల ఫొటోలు వస్తాయి. ప్రతి ఫొటోలోనూ పక్క ఫొటోలోని నేల చాలావరకు మళ్లీ కనిపిస్తుంది. ఒకే రాయి, ఒకే గట్టు ఎన్ని ఫొటోల్లో ఎక్కడెక్కడ పడ్డాయో సాఫ్ట్‌వేర్ వెతికి, వాటిని బట్టి నేల ఎత్తుపల్లాలు లెక్కగట్టి, అన్నింటినీ కలిపి ఒకే పటంగా కుడుతుంది. ఆ పటాన్ని షీట్లుగా విడగొట్టి అచ్చు వేస్తాం. ఆ కుట్టుపనిలో బరువంతా గ్రాఫిక్స్ కార్డు మీద పడుతుంది. ఆటల కోసం పిల్లలు కొనుక్కునే కార్డే ఇది. ఒకే రకం చిన్న లెక్కలు వేలాదిగా ఒక్కసారే చేయగలదు కాబట్టి మా పనికీ అదే దిక్కు.

కొత్త కార్డులు కొనాలని హైదరాబాదు ఆఫీసు నిర్ణయించి, నమూనాగా మూడు పంపింది. మూడింటిలోనూ చిప్పు ఒకటే, కార్డు తయారుచేసిన కంపెనీలు వేరు. చిప్పు ఎంత వేగంతో నడవాలో దాన్ని తయారుచేసినవాళ్లే ఒక హద్దు చెబుతారు. దానికి క్లాక్ అని పేరు. కార్డు కంపెనీలు తమ సొంత ఫ్యాన్లు, వేడిని లాగేసే లోహపు హీట్‌సింకులు బిగించి, ఆ హద్దుకన్నా పైకి వేగం పెంచి అమ్ముతాయి. దీన్నే ఫ్యాక్టరీ ఓవర్‌క్లాక్ అంటారు. కొనేవాడు ఏమీ మార్చనక్కర లేదు, డబ్బా విప్పేటప్పటికే పరుగు మీద ఉంటుంది. ధర కూడా అంతే పైకి ఉంటుంది.

మొదటిది రెండు ఫ్యాన్ల చిన్న కార్డు. పెంచిన వేగం నామమాత్రం, ధర అన్నింటికన్నా తక్కువ. రెండోది ఇటుకలా మందమైన హీట్‌సింకుతో మూడు ఫ్యాన్లున్న బరువైన కార్డు. దాని వేగం కొంచెమే పెంచారు. మూడోది రంగు దీపాలతో మెరిసిపోయేది. దాని చిప్పు వేగమే కాక మెమరీ వేగం కూడా బాగా పెంచారు, ధరా అలాగే ఉంది. వేగం, చల్లదనం, పెట్టిన డబ్బుకు దక్కే పని, ఈ మూడింటినీ పోల్చి ఒక కార్డును సిఫారసు చేయమని నాకు ఉత్తర్వు. నేను ఏది చెబితే అదే సంస్థ అన్ని కేంద్రాలకూ కొంటుంది.

ముందు వనపర్తిలో పరీక్షించాను. అక్కడ ఏసీ గది ఉంది. వీపనగండ్ల మండలంలో ఒక ఊరి ఫొటోలు తీసుకుని, అదే కంప్యూటరులో కార్డు మార్చి మార్చి మూడుసార్లు అదే పని చేయించాను. మెరిసే కార్డు మిగతా రెండింటినీ చాలా వెనక వదిలేసింది. చిన్న కార్డు వేడెక్కి, తన వేగం తానే తగ్గించుకుంటూ, ఫ్యాన్లు హోరెత్తిస్తూ చివరికి పూర్తిచేసింది. మందం కార్డు చప్పుడు లేకుండా, ఒకే నడకతో, రెండో స్థానంలో నిలిచింది. మాధవరావు గారు ఫలితాలు చూసి సంతోషించి, అక్కడికక్కడే హైదరాబాదుకు ఫోను చేసి మెరిసే కార్డు గెలిచిందని చెప్పేశారు. ఉపకేంద్రాల్లో కొన్నాళ్లు నడిపి చూశాకే నివేదిక రాస్తానన్నాను. సరే గానీ ఆలస్యం చేయవద్దన్నారు.

పని ఎక్కువున్న కేంద్రం నాగర్‌కర్నూల్ కాబట్టి మెరిసే కార్డు అక్కడికి వెళ్లింది. చిన్నది గద్వాలకు పంపాను, మందంది వనపర్తిలో ఉంచుకున్నాను.

నాగర్‌కర్నూల్ కేంద్రం ఒక అద్దె ఇంటి పైఅంతస్తు. స్లాబు పొద్దంతా ఎండను తాగుతుంది. ఏసీ మంజూరైంది కానీ ఆ ఇంటి వైరింగు దాని బరువు మోయదని ఎలక్ట్రీషియను తేల్చాడు. కూలరే గతి. అక్కడి ఆపరేటరు అనిత. నల్లమల అంచున చెంచుల కుటుంబం. తండ్రి చిన్నప్పుడే పోతే తల్లి అడవిలో పని చేసి పెంచింది. హాస్టళ్లలో ఉండి కంప్యూటర్లలో డిగ్రీ చేసింది. వాళ్లింట్లో ఆఫీసులో కూర్చునే ఉద్యోగం ఆమెదే మొదటిది. మాట తక్కువ. పని అప్పగించాక మళ్లీ గుర్తుచేయాల్సిన అవసరం నాకెప్పుడూ రాలేదు.

ఆ కార్డు పెట్టాక నాగర్‌కర్నూల్‌లో పటాలు ఎన్నడూ లేనంత వేగంగా వచ్చాయి. కోడేరు మండలం ఊళ్ల పటాలు పూర్తయి, అక్కడ గ్రామసభలు జరగకముందే అడవి అంచున ఉన్న ఊళ్లు మొదలయ్యాయి. వాటిలో అనిత మేనమామ ఈదయ్య ఊరు కూడా ఉంది. అక్కడ గ్రామసభ తేదీ చాటింపు వేయించారు. సభలో పటాలు గోడకు అంటిస్తారు. ఇరుగుపొరుగు రైతులు చూసుకుని, ఒప్పుకుంటే సంతకాలు పెడతారు. ఒకసారి సంతకం పడితే ఆ గీతే సరిహద్దు.

అప్పుడు అనిత నుంచి ఫోను వచ్చింది.

"మేడం, ఒక షీటు మీరే వచ్చి చూడాలె. ఫోన్ల చెప్పేది కాదు."

మరునాడు పొద్దున్నే బస్సెక్కి వెళ్లాను. స్క్రీను మీద ఆమె చూపించిన చోట ఎర్రనేల చెల్కలు, అంటే మెట్ట పొలాలు, రెండు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి ఈదయ్యది. రెండోది బాలకిష్టయ్య అనే ముసలి రైతుది. మధ్యలో గట్టు, గట్టు పక్కన ఒక బావి. పటంలో ఆ గట్టు బావి దగ్గరకు రాగానే బాలకిష్టయ్య చెల్కలోకి విల్లులా వంగి, మళ్లీ వెనక్కి వచ్చింది. దాంతో బావి ఈదయ్య వైపు పడింది.

"ఆ గట్టు గిట్ల వంగదు మేడం. బాయి అవుతల పక్కకు ఉంటది," అంది అనిత.

ఈమధ్య ఎవరైనా గట్టు జరిపారేమో అని అడిగాను. ఆ ఊళ్లోనే ఉండే తల్లిని ఫోనులో అడిగిందట, ఎవరూ ముట్టలేదట. అంతటితో ఆగకుండా ఆ చోటు పడిన అసలు ఫొటోలన్నీ తెరిచి పెట్టింది. ప్రతి ఫొటోలోనూ గట్టు తిన్నగానే ఉంది. అంటే డ్రోన్ సరిగ్గానే చూసింది, ఫొటోలను కుట్టడంలోనే ఎక్కడో తప్పు జరిగింది.

ఆమె ఇంకా ఏదో చెప్పాలని ఆగినట్టు అనిపించి, ఏమిటన్నాను.

"ఈ తప్పుతోని మా మామకు లాభం అయితున్నది. నేను చూసి చూడనట్టు ఉంటె, రేపు ఎవలన్న నేనే గీసిన అంటరు. అనకున్నా గానీ, నాకైతే తెల్సు గద మేడం. ఈ షీటు ఇంక నేను ముట్ట. వేరేటోళ్లకు ఇయ్యుండ్రి."

ఆ షీటును నా పేరుకు మార్చుకున్నాను. మా పనిలో సొంతవాళ్ల భూమి పటం ఆపరేటరు చేతికి రాకూడదన్న నియమం అప్పటికి లేదు.

ఇలాంటి తప్పుకు కారణం వెతికేటప్పుడు ఒక్కో అనుమానాన్నీ విడిగా తీసేస్తూ పోవాలి. ముందు నేల గుర్తులు చూశాను. అంటే డ్రోన్ ఎగరకముందు పొలాల్లో సున్నంతో వేసి, స్థానం కొలిచి పెట్టుకునే గుర్తులు. అవి సరిగ్గా ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ మూడు చోట్లా ఒకే వెర్షను. అవే ఫొటోలను వనపర్తికి పంపి మందం కార్డు మీద నడిపిస్తే గట్టు తిన్నగా వచ్చింది. నాగర్‌కర్నూల్‌లో అదే మెరిసే కార్డు మీద పొద్దుటి పూట మళ్లీ నడిపించాను. అప్పుడూ తిన్నగానే వచ్చింది. అయితే ఆ గీతను చేత్తో మార్చారా, అనిత వైపే అనుమానంగా చూడాల్సి వస్తుందా అని ఒక్క క్షణం అనిపించింది. ఆమె మాత్రం మధ్యాహ్నం కూడా ఒకసారి చూడమంది. మొదటి పటం తయారైంది మధ్యాహ్నమే.

మధ్యాహ్నం గది కొలిమిలా ఉంది. ఈసారి బావి దగ్గర గట్టు బాగానే ఉంది, కానీ ఊరికి అవతలి కొసన ఒక బండ్ల బాట మధ్యలో విరిగి పక్కకు జరిగింది. ఫొటోలు అవే, కార్డు అదే, జవాబు వేరు. కంప్యూటరు ఏ హెచ్చరికా ఇవ్వలేదు. పని విజయవంతంగా పూర్తయిందని చెప్పింది.

కార్డు వేడి చూపే అంకె హద్దులోనే ఉంది. అయితే ఆ అంకె చిప్పుది మాత్రమే. కార్డు మీద మెమరీ ముక్కలు వేరుగా ఉంటాయి, వాటి వేడిని ఆ కార్డు బయటికి చూపించదు. క్యాబినెట్ మూత తీసి కార్డు వీపు మీద వేలు పెడితే నిలవనీయలేదు. ఆటలో అయితే మెమరీ తప్పు చేసినప్పుడు ఎక్కడో ఒక చుక్క రంగు మారుతుంది, ఎవరూ పట్టించుకోరు. మా పనిలో అదే తప్పు ఎత్తుపల్లాల లెక్కలోకి వెళ్లి నేలను పక్కకు జరుపుతుంది.

చివరి పరీక్షగా కంపెనీ పెంచిన మెమరీ వేగాన్ని సాఫ్ట్‌వేర్ ద్వారా మామూలు హద్దుకు దించి, అదే ఎండ వేళ, అదే గదిలో పలుమార్లు నడిపించాను. ఒక్క తప్పూ రాలేదు. వేగం మాత్రం మందం కార్డుతో సమానమైపోయింది. అదనంగా డబ్బు పెట్టి కొన్న వేగాన్ని మా చేతులతో మేమే తీసేయాల్సి వస్తే ఆ కార్డు కొనడంలో అర్థం లేదు. పోలిక నాకు అక్కడే తేలిపోయింది. అయితే అప్పటికి కార్డుకన్నా పెద్ద సమస్య ముందుంది. గ్రామసభ దగ్గరపడింది.

మాధవరావు గారు హైదరాబాదు నుంచి వస్తూ కొత్తకోటలో దిగారు. నేను వనపర్తి నుంచి వెళ్లి కలిశాను. హైవే పక్కన దాబాలో కూర్చుని, రెండు పటాలనూ బల్ల మీద పరిచి అంతా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. ఆ ఒక్క షీటు సరిచేసి అచ్చు వేయిద్దాం, సభ జరిగిపోతుంది, కార్డు సంగతి తర్వాత చూసుకుందాం అన్నారు. ఆ కార్డు పెట్టినప్పటి నుంచి నాగర్‌కర్నూల్‌లో తయారైన పటాలన్నీ మళ్లీ చేయాలన్నాను. సభ వాయిదా పడితే కాంట్రాక్టు ప్రకారం సంస్థకు జరిమానా పడుతుందని, హైదరాబాదులో తన మాట పోతుందని ఆయన దాచకుండా చెప్పారు.

"మిగతా షీట్లు తప్పని మీ దగ్గర రుజువు ఉందా?" అని అడిగారు.

"తప్పని లేదు సార్. ఒప్పని కూడా లేదు," అన్నాను.

బయట లారీలు ఆగుతూ కదులుతూ ఉన్నాయి. ఆయన గట్టు వంగిన పటాన్ని ఇంకోసారి దగ్గరికి లాక్కుని చూసి, బావిలో నీళ్లున్నాయా అని అడిగారు. ఎండాకాలం కూడా ఉంటాయని అనిత చెప్పిందన్నాను. పటాలు మడిచి నా చేతికిచ్చి, వాయిదా సంగతి ఊళ్లో తానే చెబుతానన్నారు. ఎవరినైనా పంపితే సరిపోతుంది కదా అంటే, తిట్లు తినాల్సిన చోటికి కిందివాళ్లను పంపడం తనకు అలవాటు లేదన్నారు. ఆ మనిషి గురించి అంతకు ముందు నాకున్న అభిప్రాయం కొంత మార్చుకోవాల్సి వచ్చింది.

తిట్లు తిన్నాం కూడా. నేను ఆయన పక్కనే ఉన్నాను. బడి వరండాలో జనం కూడారు. కూలి పోగొట్టుకుని వచ్చినవాళ్లున్నారు. పటాల్లో తప్పులు దొర్లాయి, మళ్లీ చేసి తెస్తామని మాధవరావు గారు చెప్పగానే గొడవ మొదలైంది. బాలకిష్టయ్య లేచి, తప్పు ఎవరి దిక్కు పడిందో చెప్పమన్నాడు. పని పూర్తయ్యేదాకా ఎవరి గురించీ చెప్పలేనన్నారు సారు. వెనక కూర్చున్న ఈదయ్య అప్పుడు మెల్లగా అన్నాడు:

"మా దిక్కు భూమే పోయి ఉంటది. ఎప్పుడు గట్లనే గద."

ఆ మాటకు జవాబు తెలిసినవాళ్లం అక్కడ ఇద్దరం ఉన్నాం. ఇద్దరం నేల చూశాం.

తర్వాత కొన్ని వారాలు గద్వాల, వనపర్తి కేంద్రాలు సొంత పని పక్కన పెట్టి నాగర్‌కర్నూల్ పటాలు తిరిగి చేశాయి. గద్వాలలోని చిన్న కార్డు నెమ్మదే అయినా ఒక్క తప్పూ చేయలేదు. ప్రతి పటాన్నీ పాతదాని మీద పెట్టి పోల్చాం. చాలావరకు కలిశాయి. కోడేరు వైపు ఒక చెల్క మూల, ఇంకో ఊళ్లో వాగు ఒడ్డు, ఇలా కొన్నిచోట్ల మాత్రం గీతలు జరిగాయి. అన్నీ మధ్యాహ్నం పూట తయారైనవే. ఒక్క షీటుతో సరిపెట్టుకుని ఉంటే అవన్నీ సంతకాలు పడి స్థిరపడిపోయేవి.

రెండోసారి సభ జరిగిన రోజు అనిత కూడా వచ్చింది. రానవసరం లేదని నేను ముందే చెప్పాను. అయినా వచ్చింది. కొత్త పటంలో గట్టు తిన్నగా ఉంది, బావి బాలకిష్టయ్య వైపు ఉంది. ఈలోపు మొదటి పటం సంగతి ఊరంతా పాకింది. ఈదయ్య గోడ దగ్గర నిలబడి పటాన్ని వేలితో తడిమి, మేనకోడలి వైపు తిరిగాడు.

"మొదటి దాంట్ల బాయి నా దిక్కు వచ్చిందంట గద బిడ్డా."

"వచ్చింది మామా."

"తప్పని నువ్వే చెప్పినవంట."

"నేనే చెప్పిన."

"నువ్వు చెప్పకుంటె ఎవలకు తెలుస్తుండె?"

"బాయి యాడుందో నీకు తెల్వదా మామా?"

ఈదయ్య బల్ల దగ్గరకు వెళ్లి సంతకం చేశాడు. బాలకిష్టయ్య కూడా చేశాడు. ఇద్దరూ మాట్లాడుకోకుండానే వెళ్లిపోయారు. మామ తనను దాటుకుని పోతుంటే అనిత చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. బస్సులో తిరిగి వచ్చేటప్పుడు కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

నాలుగు రోజులకు, గద్వాలకు మార్చమని అర్జీ పెట్టుకుంది. కారణం అడిగితే, ఊరోళ్లు నాగర్‌కర్నూల్ ఆఫీసుదాకా వచ్చి మా పని చేసిపెట్టు, వాళ్ల పని చేసిపెట్టు అని అడుగుతున్నారని, పరేషాన్‌గా ఉందని చెప్పింది. నిజమే కావచ్చు. ఊరికి వెళ్లినప్పుడల్లా మామ ఇంటి ముందు నుంచి పోవడం అనితకు కష్టంగా ఉందని ఆమె తల్లి చెప్పిన మాట నాకు తర్వాత తెలిసింది. బదిలీ ఇప్పించాను.

మిగతా రెండు కార్డులనూ నాగర్‌కర్నూల్ గదిలో మధ్యాహ్నం పూట నడిపి చూశాక, నివేదికలో మందం కార్డును సిఫారసు చేశాను. ఏసీ గదిలో రెండో స్థానం, ఎండ గదిలో మొదటి స్థానం, ధర మధ్యస్థం, చప్పుడు తక్కువ. ఏసీ నమ్మకంగా నడిచే చోట, పని తక్కువున్న చోట చిన్న కార్డు చాలని రాశాను. మెరిసే కార్డును వెనక్కి పంపితే, అమ్మినవాళ్లు తమ దగ్గర పరీక్షించి, లోపమేమీ లేదని తిప్పి పంపారు. వాళ్ల గదిలో నిజంగానే లోపం కనిపించి ఉండదు. మెమరీ వేగం దించి వనపర్తిలో వాడుకున్నాం.

నివేదిక పంపే ముందు మాధవరావు గారు ఒక సూచన చేశారు. తప్పును మొదట గుర్తించిందెవరో రాయకుండా, సాధారణ తనిఖీలో బయటపడిందని రాస్తే ఆ అమ్మాయికి ఇబ్బంది తప్పుతుందన్నారు. మంచి ఉద్దేశంతోనే అన్నారు. నాకూ సబబే అనిపించింది. కానీ నిర్ణయించే ముందు అనితకు ఫోను చేసి అడిగాను.

"నా పేరు రాయుండ్రి మేడం," అంది. "మామ కోపం ఎట్లాగూ మోస్తున్న. ఆ పని నేను చేసిన అని ఒక్కకాడన్న ఉండనీ."

రాశాను.

ఆ తర్వాత నేను ఉద్యోగంలో ఉన్నంతకాలం ఏ కార్డు కొన్నా, అది పనిచేయబోయే గదిలో, ఎండ ముదిరే వేళ, ఒకే పని రెండుసార్లు చేయించి రెండు జవాబులూ కలుస్తున్నాయో లేదో చూశాకే సంతకం పెట్టాను. సొంతవాళ్ల భూమి షీటు ఆపరేటరు చేతికి రాకుండా పని పంచే పద్ధతి పెట్టాం. తప్పు కనిపెట్టినవాళ్ల పేరు రాయాలా వద్దా అన్నది మాత్రం పైవాళ్లు తేల్చే విషయం కాదు, ఆ మనిషినే అడగాలి. అడగకుండా దాచి ఉంటే మేలు చేశామనే అనుకునేవాళ్లం.